మారక్క మెత్తని చెప్పులు

మారక్కకు పొద్దున్నే మంచం దిగడమే పెద్ద పని. మడమ నేలకు ఆనిందంటే మేకు దిగినట్టుంటుంది. అందుకే దిగకముందే తువాలును పాదానికి తగిలించి ముప్పైసార్లు తనవైపు లాక్కుంటుంది. మూడేళ్లుగా ఇదే. సూదులు వేయించుకుంది, తైలాలు రుద్దింది. చివరికి హిందూపురంలో ఎముకల డాక్టరు, "ఇది ఒక్కరోజులో పోయేది కాదమ్మా. కాపాడుకుంటూ బతకాలి. గట్టి నేల మీద ఒట్టికాళ్లతో మాత్రం నిలబడొద్దు" అని చీటీ రాసిచ్చాడు.

ఆమెది నిలబడే పనే. లేపాక్షి పక్క పల్లె నుంచి కంపెనీ బస్సులో హిందూపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోయి, కుట్టిన చొక్కాల్లో లోపాలు వెతకాలి. ఎనిమిది గంటలు. బట్టకు మట్టి అంటుతుందని చెప్పులు గుమ్మం దగ్గరే విడిపిస్తారు. లోపలంతా బండలు.

మారక్క లోపల వేసుకోవడానికే ఒక మెత్తని జత కొని, కవరులో పెట్టుకొని వచ్చింది. సూపర్‌వైజర్ బసవరాజు గంటలోపే చూశాడు.

"ఇదేమన్నా మీ ఇల్లనుకున్నావా? తీయ్."

"బయట తొక్కినవి కాదు సార్. డాక్టరు చీటీ కూడా ఉండాది."

బసవరాజు చీటీ వైపు కన్నెత్తి చూడలేదు. "నొప్పుంటే ఇంట్లో పండుకో. ఈడ నాటకాలొద్దు."

ఆమె తీసి బల్ల కింద పెట్టింది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి అవి కిటికీ బయట బురదకాలువలో ఉన్నాయి. ఎవరు విసిరారో అడగాల్సిన పనిలేదు.

మర్నాడు వాటినే కడిగి ఆరబెట్టి తెచ్చి, అందరూ చూస్తుండగా తొడుక్కుంది. బసవరాజు ఒక్క ఉదుటున వచ్చాడు. "సిగ్గులేదా? తీయ్!"

మారక్క చేతిలోని చొక్కా బల్ల మీద పడేసింది. "నీ కాళ్లకు బూట్లుండాయి గదప్పా. అవి గాల్లో ఎగిరొచ్చినాయా?"

చుట్టూ మిషన్లు ఆగిపోయాయి.

"ఎవరితో మాట్లాడుతాండావో తెలుసా?"

"తెలుసు. ఒట్టికాళ్లతోనే నిలబడమని పేపరు మీద రాసియ్యి. కింద సంతకం పెట్టు. అది తీసుకొని నేను పోవాల్సిన తావుకు పోతా."

అతను రాయలేదు. గలాటా విని మేనేజర్ వచ్చాడు. చీటీ చదివి, చెప్పుల అడుగులు చూసి, "శుభ్రంగానే ఉన్నాయి కదా, వేసుకోనీ" అని వెళ్లిపోయాడు. నలభైమంది ఆడవాళ్ల ముందు బసవరాజు ముఖం నల్లబడింది.

ఆ కసి అతను మరిచిపోలేదు. మరుసటి రోజు నుంచి ఆమె బల్ల ఇస్త్రీ ఆవిర్ల పక్కకు, ఫ్యాను గాలి తగలని మూలకు మారింది. బాత్రూముకు పోతే గడియారం చూసేవాడు. "ఏమే కుంటిదానా" అని పిలిచేవాడు. ఐదేళ్లుగా క్యారియర్ పంచుకున్న వీణ కూడా దూరం జరిగింది.

"నీ పక్కన కూర్చుంటే నా మీద కూడా పడతాడక్కా."

"ఐతే కూర్చోవద్దు పో" అంది మారక్క. మళ్లీ ఆమెను పిలవలేదు.

నెల తిరిగేసరికి నొప్పి కొంత తగ్గింది. బస్సు దిగి ఇంటిదాకా ఆగకుండా నడవగలుగుతోంది. బసవరాజు మాత్రం తగ్గలేదు. ఒకరోజు బల్ల దగ్గరికొచ్చి, "ఎన్నాళ్లుంటావో నేనూ చూస్తా" అన్నాడు.

"చూడు" అంది మారక్క తలెత్తకుండా. లోపమున్న చొక్కాను పక్కకు విసిరేసి ఇంకొకటి అందుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో గడ్డకట్టిన నీళ్ల సీసా మీద పాదం దొర్లిస్తూ, చల్లదనం ఎముకకు తాకేదాకా వాడిని తిడుతూనే ఉంది.