వీడ్కోలు కానుకగా ఒక పేరు

“ఉద్యోగంలో ఈ ఆఖరి రోజైనా నోరు విప్పుతావా, లేక తలూపేసి వస్తావా? నాకెందుకో భయంగా ఉంది తొకుజీ,” అంది తల్లి కిను, మిసో చారు గిన్నె కొడుకు ముందుకు జరుపుతూ.

తొకుజీ సెగావా చారు తాగాడు. అరవై ఏళ్ళ మనిషి. వంగి వంగి వీపే అలా బిగుసుకుపోయింది. కవాసాకిలోని కంపెనీలో కంప్యూటర్ మెమరీకి అతను కనిపెట్టిన సర్క్యూట్లకు పదకొండు పేటెంట్లున్నాయి. అన్నిటిలోనూ మొదటి పేరు విభాగాధిపతి నిషివాకిది. ఆయన చేసిందల్లా కాగితం మీద ముద్ర గుద్దడం. ఆ ముద్రకు సిరా అయినా ఇంకొకరే అద్దాలి.

ఆఫీసులో సెగావా ఆనవాయితీ ప్రకారం మిఠాయి పెట్టె పట్టుకుని బల్ల బల్లకీ వెళ్ళి వంగాడు. “ఇన్నాళ్ళూ ఇబ్బంది పెట్టాను, క్షమించండి.” ఇబ్బంది పెట్టినవాళ్ళందరూ తీరిగ్గా మిఠాయి నమిలారు.

మధ్యాహ్నం నిషివాకి పిలిచాడు. గదిలో పేటెంటు వకీలు హత్తా, కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి చిజురు కుదో ఉన్నారు. మెమరీలో దాచిన విద్యుత్తు కారిపోతూ ఉంటుంది, మాటిమాటికీ నింపాలి. ఏ వరుస అడుగంటుతోందో పసిగట్టి దాన్నొక్కదాన్నే నింపే సర్క్యూట్‌ను ఆ అమ్మాయి తయారుచేసింది.

“దీని పేటెంటుకు మొదటి పేరు నీదే పెట్టిస్తున్నానయ్యా సెగావా. నా వీడ్కోలు కానుక!” అన్నాడు నిషివాకి. సొంత డబ్బుతో ఒకరికి టీ ఇప్పించి ఎరగని మనిషి. “కుదోకేం, చిన్నపిల్ల. ఇంకా బోలెడు కనిపెడుతుంది. ఏమ్మా?”

“మీ ఇష్టమండీ,” అంది కుదో బల్లకేసి చూస్తూ. వయసులో ఉన్నప్పుడు సెగావా కూడా అదే మాట, అలాగే బల్లకేసి చూస్తూ అన్నాడు.

అయినా అతనికి ఆశ పుట్టింది. సిగ్గు లేకుండా పుట్టింది. ఒక్కసారి తన పేరు ముందుంటే అమ్మకు చూపించుకోవచ్చు.

హత్తా కలం మూత తీశాడు. “పని చేయనివాళ్ళ పేరుందని తేలితే అమెరికా కోర్టులో పేటెంటే ఎగిరిపోతుంది. అందుకని అడగక తప్పదు. సెగావా గారూ, ఇందులో మీ ఆలోచన ఏ భాగం?”

“ఏదో ఒకటి చెప్పవయ్యా!” నిషివాకి నవ్వాడు.

సెగావా సర్క్యూట్ బొమ్మకేసి చూస్తూ ఉండిపోయాడు. నిషివాకి నవ్వు సగంలో ఆగింది. కుదో తలెత్తింది. హత్తా కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

“ఏదీ కాదండీ,” అన్నాడు చివరికి సెగావా. “నాకిది ఇంకా పూర్తిగా అర్థమే కాలేదు. నావి పదకొండూ నిషివాకి గారికి అర్థం కానట్టే.”