ఎటు మామా?

పడవలో సగం మామది, సగం అల్లుడిది. ఇద్దరినీ ముడివేసిన మనిషి మాత్రం పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఇక అల్లుడు తన వాటా అమ్ముకుని ఎక్కడికో పోతాడని రేవులో అందరూ అనుకున్నారు. అతను పోలేదు. ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి, ఇంజను మూత తీసి నూనె చూసుకుని, మామ కోసం కూర్చునేవాడు. మామ వచ్చి పడవ ముక్కు దగ్గర తన చోట కూర్చునేవాడు.

"ఎటు మామా?"

మామ చెయ్యెత్తి చూపించేవాడు. రోజు మొత్తానికి వాళ్ల మధ్య అంతకు మించి మాటలుండేవి కావు.

సముద్రం అడుగున ఒక రాతిగట్టు ఉంది. చేప దాని చుట్టూనే తిరుగుతుంది. కొండ మీది తెల్ల బండ, లైట్‌హౌసు ఒకే సూటిలోకి వస్తే గట్టు దగ్గరికి వచ్చినట్టు. ఆ సూటి పట్టడంలో మామని మించినవాడు రేవులో లేడు. అలాంటిది ఈ మధ్య లెక్క తప్పుతోంది. ఒక రోజు సరిగ్గా గట్టు మీదే వల దింపించాడు. రాళ్లకి పట్టుకుని సగం వల చిరిగి వచ్చింది. వలని ఒళ్లో వేసుకుని మామ చిరుగుల్ని ఒక్కొక్కటే వేళ్లతో తడిమాడు.

"అల్లుడూ, ఆ చేపల మిషను ఒకటి కొందాం," అన్నాడు చివరికి.

"ఇప్పుడెందుకు మామా," అన్నాడు అల్లుడు అటు తిరిగి.

ఆ మాట ముందు ఎత్తింది అతని భార్యే. దారి చూపించి, కింద చేప ఉందో లేదో కూడా చెప్పే చిన్న పెట్టెలు వస్తున్నాయట, కొనుక్కోరాదూ, మంచు కురిస్తే నాకు గుండె దడ అని తండ్రినీ మొగుణ్ణీ పోరేది. "నేనుండగా పెట్టె ఎందుకే" అని తండ్రి నవ్వేవాడు. మొగుడూ నవ్వేవాడు. ఒక రోజు తల పగిలిపోతోందంటూ ఆమె వంటగదిలో కూలబడింది. తల్లి పక్కింటివాళ్ల బండిలో ఆసుపత్రికి చేర్చింది. ఆ సమయానికి వీళ్లిద్దరూ తీరం ఎటుందో తెలియని మంచులో లంగరు వేసుకుని కూర్చున్నారు. మంచు విడి, రేవుకి చేరేసరికి అంతా అయిపోయింది. మీరు ముందొచ్చినా చేయగలిగింది లేదని డాక్టరు చెప్పాడు. నిజమే కావచ్చు. కానీ చివరిదాకా పిల్ల తలుపు వైపే చూసిందని అత్త ఒకసారి నోరు జారింది. అప్పట్నుంచి వాళ్లలో మిషను మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మామ వదల్లేదు. వెంటపడి మరీ అల్లుణ్ణి ఇంజను సామాన్ల దుకాణానికి లాక్కెళ్లాడు. దుకాణదారుణ్ణి అందరూ బోల్టు అంటారు. ఏ ఇంజనుకి ఏ జబ్బు చేసినా ముందు ఒక బోల్టు మార్చి చూద్దామంటాడు.

బోల్టు ముందుగా పలకంత తెర ఉన్నది కిందికి దించాడు. "ఇది బిగిస్తే చేపలు వాటంతటవే వచ్చి పడవ ఎక్కుతాయి."

"దీన్ని మోయడానికి ఇంకో బ్యాటరీ కావాలి. ధర కూడా మన పడవకి మించింది," అన్నాడు అల్లుడు.

బోల్టు ఇంకోటి తీశాడు. బంతిలా ఉంది. నీళ్లలో వేస్తే ఫోన్లో బొమ్మ వస్తుందట.

"చెరువులో ఆడుకోవడానికి బాగుంటుంది. ఫోను తడిస్తే?"

మూడోది వేలితో తాకితే పనిచేసేది. "ఉప్పునీళ్ల చేత్తో తాకితే ఇది పలకదు." ఎవరో వాడి అమ్మేసింది ఒకటుంది, చవకే. దాని తెర ఎండకి మాడి ఒక మూల నల్లబడిపోయింది. అల్లుడు దాన్నీ పక్కకి తోశాడు.

"బాబూ, నువ్వు కొనడానికొచ్చావా, వంకలు పెట్టడానికొచ్చావా?" అన్నాడు బోల్టు.

మామే కల్పించుకుని, "బటన్లున్నది, చిన్నది, ఏదైనా ఉందా?" అని అడిగాడు.

బోల్టు కింది అరలోంచి అరచెయ్యికి కాస్త పెద్దదైన పెట్టె తీశాడు. "దీన్లో పటం ఉండదు. మీరు వెళ్లిన దారి గీతలా పడుతుంది. గుర్తు పెట్టుకున్న చోటు చుక్కలా కనిపిస్తుంది. లోతెంతో, కింద చేపలున్నాయో చెబుతుంది. అంతకంటే ఆశపడొద్దు."

"అంతకంటే మాకేం కావాలి," అంటూ మామ దాన్ని అందుకుని వీధిలోకి నడిచాడు. ఎండలో తెర ఎలా కనిపిస్తుందో చూడాలని. కళ్లకి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగా కనిపిస్తోంది అల్లుడూ. ఎండలో కూడా భేషుగ్గా ఉంది," అన్నాడు.

వెనకే వచ్చిన బోల్టు చేతిలో దాని తీగ ఇంకా చుట్టగానే ఉంది. మిషన్ని ఎవరూ వెలిగించలేదు.

బోల్టు ఏదో అనబోయాడు. అల్లుడు వద్దన్నట్టు చూసి, "అవును మామా, బాగుంది. ఇదే తీసుకుందాం," అన్నాడు. మామ చూపు తగ్గిందనుకున్నాడు గానీ, ఇంతలా పోయిందని అతనికి తెలీదు.

మర్నాడు ఇద్దరూ కలిసే బిగించారు. నీళ్ల అడుగు చూసే ముక్కని వెనక, ఇంజను పంకా నురగ తగలనంత దూరంలో పెట్టాలి. తీగని చెక్క పక్కనుంచి లాగి మేకులు కొట్టాలి. మామ తడుముకుంటూనే తీగ కట్లన్నీ గట్టిగా వేశాడు. తెర చుక్కాని దగ్గర కూర్చుంది. మామ చోటు ముక్కు దగ్గర. అక్కణ్ణుంచి తెర కనిపించదు, కనిపించినా ఆయనకి ఒకటే.

రేవుని మొదటి చుక్కగా గుర్తు పెట్టి, పడవ బయటికి తీశాక అల్లుడు ఎప్పటిలాగే అడిగాడు. "ఎటు మామా?"

మామ చెయ్యి చూపించాడు. అల్లుడు కాస్త అటు, కాస్త ఇటు సర్దుకుంటూ, తెర మీద సముద్రం అడుగు ఉబ్బెత్తుగా లేచేదాకా తిప్పుకుంటూ పోయాడు. గట్టు దొరికింది. చుక్క పెట్టాడు. "నీ లెక్క తప్పలేదు మామా," అని కేకేశాడు.

ఆ నెలంతా వేట బాగానే పడింది. సాయంత్రం మామ భార్యతో, "పెట్టె ఉందన్న మాటే గానీ, దారి ఇప్పటికీ నేనే చూపిస్తున్నా," అనేవాడు. ఆమెకి అనుమానం ఉన్నా పైకి అనలేదు. కూతురు పోయాక ఆయన ముఖంలో కాస్త వెలుగు చూడటం అదే మొదటిసారి.

ఆయనకీ అనుమానం ఉందేమో. ఒక పొద్దున అల్లుడు అడగ్గానే కావాలని, గట్టు లేని దక్షిణానికి చెయ్యి చూపించాడు.

"సరే మామా."

పడవ కదిలింది. దక్షిణానికి పోతుంటే పొద్దుటెండ ఎడమ చెంపకి తగలాలి. కుడి చెంప వెచ్చబడింది. మామ కదలకుండా కూర్చున్నాడు. ఇంజను నెమ్మదించింది.

"గట్టు దగ్గరికొచ్చేశాం. సరిగ్గా చూపించావు మామా."

"నేను చూపించింది ఇటు కాదు."

అల్లుడు చుక్కాని వదిలేశాడు. పడవ అలలకి ఊగుతోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు మామ.

"మొదట్నుంచీ," అన్నాడు అల్లుడు. "నువ్వు బాధపడతావని..."

"పసిపిల్లాడి చేతికి తాళాలగుత్తి ఇచ్చి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టావన్నమాట."

"అలా కాదు మామా."

మామ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని అల్లుడికి తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆ రోజు వల వేశారు, తీశారు. తిరుగు ప్రయాణంలో మామ ముక్కు దగ్గర్నుంచి లేచి, అంచు పట్టుకుంటూ వచ్చి అల్లుడి పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు ఇంటికెళ్లాలంటే ఏం నొక్కుతావు?"

"ఈ బటను."

మామ చెయ్యి చాచాడు. అల్లుడు ఆ వేలు పట్టుకుని బటను మీద పెట్టాడు. టిక్కుమంది. తెర మీద పడవ నుంచి రేవుదాకా తిన్నగా ఒక గీత పడింది.

"అయిపోయిందా?"

"అంతే మామా."

"ఇంతేనా," అన్నాడు మామ. "ఇంతే నొక్కితే సరిపోయేది."

ఆ మాట దేని గురించో ఇద్దరికీ తెలుసు. రేవు వచ్చేదాకా అల్లుడు గీతని చూడలేకపోయాడు, చూడకుండా ఉండలేకపోయాడు.

మర్నాడు మామ రాలేదు. అల్లుడు ఇంజను వేసి, ఆపి, ఇంటికెళ్లాడు. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పడవ నీది కూడా మామా. నువ్వు రాకపోతే ఎలా?"

"నా వాటా చేప ఇంటికి పంపించు. నన్ను మాత్రం పిలవకు."

"నా మీద కోపమా?"

"నీ మీదెందుకురా," అన్నాడు మామ గోడతోనే. "అది అడిగినప్పుడు నవ్వింది నేను."

"నేనూ నవ్వాను మామా."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక వాకిట్లోకి వెళ్లిపోయింది. అల్లుడు చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

తర్వాత అతను ఒక కూలిమనిషిని పెట్టుకున్నాడు. ఆ మనిషి వల తీసినంతసేపూ ఆపకుండా మాట్లాడతాడు. మొదట్లో అల్లుడే సాయంత్రాలు చేప తీసుకుని మామ ఇంటికి వెళ్లేవాడు. ఎంత లోతులో పడిందని మామ అడిగేవాడు, ఇతను చెప్పేవాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాట తోచేది కాదు. తలుపు పక్క కూతురి ఫోటో ఉండేది. ఇద్దరూ అటు చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడేవాళ్లు. రాన్రానూ రోజు విడిచి రోజు అయింది, పిమ్మట వారానికొకసారి. ఇప్పుడు చేప కూలిమనిషి చేత వస్తుంది. అత్త గిన్నె పట్టుకొచ్చి అందుకుని, "అబ్బాయి వేళకి తింటున్నాడా?" అని అడుగుతుంది. తింటున్నాడనే అతను చెబుతాడు. లోపల మామ ఆ జవాబు అయ్యేదాకా దగ్గు ఆపుకుని వింటాడు.