ఈశాన్యం పల్లం

లింగస్వామి మేస్త్రిని ఇల్లు చూడమని పిలిచేవాళ్లంతా ఒకే తప్పు చేస్తారు. బేరం ఖాయం చేసి బయానా ఇచ్చేశాక పిలుస్తారు. అప్పటికి వాళ్లకు కావలసింది ‘మంచిగుంది’ అనే ఒక్క మాట. ఆ మాట కోసం ఆటోలో తీసుకెళ్తారు, చాయ్ తాగిస్తారు. గోడలో చెమ్మ ఉందంటే మాత్రం ముఖం మాడ్చుకుంటారు. మోకాళ్లు అరిగి పరంజా ఎక్కడం మానేసిన ఈ నాలుగేళ్లలో నల్లగొండ పట్నంలో అలాంటి ముఖాలు ఎన్ని చూశాడో ఆయనకే గుర్తు లేదు. విసుగొచ్చి, ఇక ఎవరింటికీ పోనని భార్య ముందు ఒట్టు కూడా పెట్టాడు. అక్క కూతురు స్నేహలత ఫోన్ చేసేదాకా ఆ ఒట్టు నిలబడింది.

“మామా, రేపే రిజిస్ట్రేషన్. ఎల్లుండి సంది ఆషాఢం. జర ఒక్కపారి వచ్చి చూసిపో,” అంది స్నేహలత.

“బయానా ఇచ్చిండ్రా?”

“ఇచ్చినం మామా.”

లింగస్వామి నిట్టూర్చాడు. స్నేహలత, ఆమె భర్త బాలకృష్ణ మర్రిగూడ అవతల గొర్రెలు కాసుకుని బతికినవాళ్లు. పిల్లలిద్దరినీ పట్నంలో చదివించాలని మందనంతా అమ్మేశారు. ఈ ఇల్లు తేడా వస్తే తిరిగి పోయి కాసుకోవడానికి గొర్రెపిల్ల కూడా మిగల్లేదు. అది తలుచుకునే ఆయన తూకంగుండు, నీళ్లు నింపి మట్టం చూసే సన్న పైపు, చిన్న సుత్తి సంచిలో వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుంటుంటే భార్య చూసి నవ్వింది.

ఇల్లు పానగల్ పోయే దారి నుంచి లోపలికి మూడో గల్లీలో ఉంది. స్టీలు గేటు, ముందు గోడకు నల్ల గ్రానైటు, పైన ఈమధ్యే కట్టిన అంతస్తు. స్నేహలత, బాలకృష్ణ అప్పటికే వచ్చి ఉన్నారు, గేటు దగ్గర సాయిలు నిలబడి ఉన్నాడు. ఇళ్లు అమ్మిపెట్టే మధ్యవర్తి. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఇంటి ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడట, బేరమంతా సాయిలుదే.

“పంతులు వచ్చి రెండుపార్లు వాస్తు చూసిండు. బ్యాంకు ఇంజినీరు ఫోటోలు దీస్కపోయిండు. ఇంక నువ్వేం జూస్తవ్ మేస్త్రీ?” అన్నాడు సాయిలు నవ్వుతూ.

“వాళ్లు చూడంది చూస్త,” అన్నాడు లింగస్వామి.

ముందు గోడ వంక ఆయన చూడనే లేదు. మోకాళ్లు పట్టుకుని మేడపైకి ఎక్కాడు. రాత్రి పడ్డ వాన నీళ్లు ఒక మూల మడుగు కట్టి అలాగే ఉన్నాయి. కిందికి దిగి నల్లాలన్నీ ఒకేసారి తిప్పించాడు. స్నానాల గదిలో టైళ్లను సుత్తి పిడితో ఒక్కొక్కటే కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. నాలుగు చోట్ల డొల్లగా పలికింది. బాలకృష్ణ వెనకే తిరుగుతూ ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతున్నాడు.

“అల్లుడా, పొట్టేలును కొంటే ఏమేం చూస్తవ్?”

“పండ్లు చూస్త మామా. ఎన్నుపూస ఒత్తి చూస్త. డెక్కలు చూస్త. నడిపించి చూస్త.”

“మరి ఇంటికేం చూసినవ్?”

బాలకృష్ణ తల గోక్కున్నాడు. “గేటు చూసిన,” అన్నాడు చివరికి. పాపం, అబద్ధమాడడం చేతకాని మనిషి.

ఈశాన్యం మూలనున్న గదిలో సాలమ్మ అనే ముసలామె కిరాయికి ఉంటోంది. బస్టాండ్ దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. మిగతా ఇల్లంతా ఖాళీ. వీళ్లు పోయేసరికి ఆమె గడప పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. జరిగి దారిచ్చింది, తల ఎత్తలేదు. తలుపు తోస్తే నేలను గీరుకుంటూ తెరుచుకుంది. లోపల ఒక మంచం, పొయ్యి, నాలుగు గిన్నెలు. మూడు గోడలు మాసిపోయి ఉన్నాయి. నాలుగో గోడకు మాత్రం కొత్త రంగు.

ఒక్క గోడకే రంగు వేశారంటే ఆ గోడకేదో జబ్బు ఉందన్నమాట. లింగస్వామి చెంబెడు నీళ్లు గది మధ్యలో ఒంపాడు. నీళ్లు నిలవలేదు, దారి వెతకలేదు, తిన్నగా ఈశాన్యం మూలకు పరిగెత్తాయి.

బాలకృష్ణ ముఖం వెలిగిపోయింది. “పంతులు గూడ గదే అన్నడు మామా! ఈశాన్యం పల్లముంటే ఇంట్ల లక్ష్మి నిలుస్తదట. గిట్ల కుదిరిన ఇల్లు పట్నంల దొరకదన్నడు. గందుకే గదే రోజు బయానా ఇచ్చినం.”

లింగస్వామి నీళ్ల పైపు ఒక కొస బాలకృష్ణ చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని మట్టం చూశాడు. ఈ మూలకూ ఆ మూలకూ రెండు వేళ్ల తేడా వచ్చింది. ఎంత వాస్తు పిచ్చి ఉన్నా పడుకునే గదిలో ఎవడూ అంత వాలు పెట్టించడు. కొత్త రంగును గోటితో గీకితే కింద లప్పం, లప్పం కింద బీట. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన ఆ బీటలో రూపాయి బిళ్ల నిలువుగా దూరింది. అది గోడకు బయట కూడా కనిపిస్తుందేమోనని ఆయన పెరట్లోకి వెళ్లాడు.

పెరట్లో ఆ గోడను ఆనుకునే మేడ మెట్లున్నాయి. వాటి కింద వంగబోయి ఆగిపోయాడు. మెట్ల అడుగున, పాత సిమెంటులో, మూడు వేళ్ల గుర్తులు.

మెట్ల పని ముగిశాక పచ్చి సిమెంటులో మూడు వేళ్లు అద్దడం ఆయన అలవాటు. ఎవరికీ కనిపించని చోట అద్దేవాడు. వందలాది ఇళ్లు కట్టాడు, అన్నీ గుర్తుండవు. గ్రానైటు, స్టీలు గేటు, పై అంతస్తు వచ్చి ఈ ఇల్లు పోల్చుకోలేనట్టు మారిపోయింది. కానీ ఆ గుర్తు చూడగానే అంతా కళ్ల ముందుకు వచ్చింది.

అప్పటికి తెలంగాణ రాలేదు. ఇదంతా మిరపచేను, మూలన ఒక మోటబావి. చేను ప్లాట్లయింది, బావి ఈ ప్లాటులో పడింది. ఆషాఢం రాకముందే పునాది పడాలని అప్పటి ఆసామి తొందర. ట్రాక్టర్లు ఏది తెస్తే అది, ఇటుక ముక్కలు, తాటాకులు, పెంటకుప్పలు, అన్నీ బావిలో కుమ్మరించి పది రోజుల్లో పూడ్చేశారు. పొరలు పొరలుగా మొరం పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టి, ఒక వానకాలం పోనివ్వాలని లింగస్వామి చెప్పాడు. చేస్తావా, వేరేవాణ్ని పిలవనా అన్నాడు ఆసామి. పని దొరకడమే గగనంగా ఉన్న రోజులు. చేశాడు. ఆ మూల పిల్లరులో నాలుగు చువ్వలు ఎక్కువ వేసి మనసుకు సర్దిచెప్పుకున్నాడు. వదులు మట్టిలో ఎన్ని చువ్వలు వేసినా లాభం లేదని ఆయనకు ఆ రోజే తెలుసు.

మళ్లీ గదిలోకి వచ్చేసరికి స్నేహలత ఆయన ముఖం చూసి లేచి నిలబడింది.

“కొనకుండ్రి బిడ్డా. ఆ మూల దిగుతాంది.”

“ఇగో, షురువైంది!” సాయిలు చేతులూపాడు. “సున్నం బీట గది. ఏ ఇంట్ల ఉండది? పంతులు మంచిగుందన్నడు, బ్యాంకోడు మంచిగుందన్నడు, గీయనొక్కడు వచ్చి దిగుతాందంటే దిగుతదా?”

బాలకృష్ణ అటూ ఇటూ చూశాడు. “మామా, బయానా పోతది. రేపు దాటితే నెల రోజులు మంచి దినం లేదు. గంత పెద్ద పంతులు చెప్పినంక...”

“పల్లం ఎవ్వలు పెట్టింది గాదు అల్లుడా. కింద బావి ఉన్నది. పూడ్చిన బావి మీద కట్టిండ్రు.”

“నీకెట్ల ఎర్క?” సాయిలు గొంతు పెంచాడు. “కాయితం ఉన్నదా? నక్ష ఉన్నదా? బావిని చూసినవా నువ్వు?”

స్నేహలత కూడా అదే అడుగుతున్నట్టు చూసింది. ఇక్కడ ఊరుకోవచ్చు. గోడ బాగాలేదని చెప్పి సంచి భుజాన వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ అల్లుడి కళ్లలో ఇంకా ఆ పంతులే ఉన్నాడు. ఈ మనిషి రేపు పొద్దున పోయి సంతకం పెట్టి వస్తాడు. లింగస్వామికి సిగ్గేసింది. ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లలో తప్పులు వెతికిన నోటితో ఈ మాట చెప్పాల్సి వచ్చిందే అనుకున్నాడు.

“నేనే పూడ్చిన,” అన్నాడు. “పునాది గూడ నేనే వేసిన. మెట్ల కింద నా ఏలిముద్రలున్నయి, పోయి చూస్కోండ్రి. వద్దన్న, ఆగుమన్న, గని కూలి కోసం కట్టిన.”

సాయిలు ఒక్క క్షణం తడబడి, మళ్లీ తేరుకున్నాడు. “గన్నేండ్లు నిలవడ్డది గద మరి?”

“నిలవడలే. దిగుతనే ఉన్నది. మీరు రంగు లేస్తున్నరు.”

బాలకృష్ణ మెట్ల కిందికి వెళ్లి చూసి వచ్చాడు. గేటు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మంద అమ్మిన రోజు కూడా అలాగే కూర్చున్నాడని స్నేహలత తర్వాత చెప్పింది.

“బయానా పోతే పోనీ,” అంది ఆమె. “పిల్లలను ఆ గోడ కింద పండవెట్టలేను.”

“ముందే చెప్పొద్దా మామా?” అన్నాడు బాలకృష్ణ గేటు దగ్గర నుంచే, కోపంగా.

ముందే పిలిస్తే కదా అనే మాట లింగస్వామి నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆ మాట ఈ నాలుగేళ్లలో చాలామందితో అన్నాడు, ఒక్కరికీ పనికిరాలేదు. సాయిలు అప్పుడే గేటు బయట ఫోన్లో ఇంకో పార్టీకి ఈశాన్యం గురించి చెబుతున్నాడు.

సంచి సర్దుకుని గది గడప దాటుతుంటే సాలమ్మ కత్తిపీట పక్కకు పెట్టింది.

“కొనేటోళ్లకు చెప్పినవ్. నాకేం చెప్పవా మేస్త్రీ? ఏడేండ్ల సంది ఆ గోడకే తల వెట్టి పండుతున్న.”

లింగస్వామి వెనక్కి తిరిగాడు. అల్లుడు గేటును చూసినట్టే, తనూ గదిలో ముసలామె ఉందని చూశాడంతే. సంచి అక్కడే పడేసి లోపలికి వెళ్లాడు. మంచం బయటికి లాగుదామని వంగాడు. గదంతా గాలించినవాడు మంచం కింద చూడలేదు. ఈశాన్యం వైపు కోడు కింద పలచటి పెంకుముక్కలు పేర్చి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, ఏడు.

“గవి దియ్యకు తమ్మీ,” అంది సాలమ్మ వెనక నుంచి. “మంచం కాలు అరుగుతాంది. ఏటా ఒక పెంక వెడుతున్న.”

ఆయన నేల మీద కూలబడ్డాడు. వేలు పెట్టి ఆ పెంకుల ఎత్తు కొలిచాడు. రెండు వేళ్లు. “మంచం మంచిగనే ఉన్నదక్కా,” అన్నాడు. లేచి, బాలకృష్ణను కేకేశాడు. ఇద్దరూ చెరొక వైపు పట్టుకుని మంచాన్ని ఆ గదిలోంచి బయటికి తెచ్చారు.