తలుపు మీది జంట సంతోషం

తెల్లవారితే మా అమ్మాయి వన్‌షియా పెళ్ళి. తలుపుకు అతికించే అక్షరం మాత్రం ఇంకా తయారు కాలేదు.

మా లిపిలో మాటకో బొమ్మలాంటి అక్షరం; సంతోషం అనే అక్షరంలో పైన డప్పు, కింద నోరు ఉంటాయి. డప్పు మోగుతుంటే నోరు ఊరుకోదని పాతకాలం వాళ్ళకు తెలుసు. పెళ్ళికి ఒక్క సంతోషం చాలదని, రెండింటిని పక్కపక్కన కలిపి ఎర్ర కాగితంలో కత్తిరిస్తాం. తలుపుకీ, అద్దానికీ, చివరికి వేడినీళ్ళ ఫ్లాస్కుకీ అతికిస్తాం. మా సందులో ఏ పెళ్ళికైనా ఆ పని మా ఆవిడదే. నేను పక్కన కూర్చుని కాగితం మడిచి ఇచ్చేవాణ్ణి. ఆమె పోయాక ఆ కత్తెరతో కిటికీలకు అతికించే కాగితం పూలు కత్తిరిస్తూ కొంత నేర్చుకున్నాను.

కానీ పెళ్ళి అక్షరం కత్తిరించాల్సింది భర్త, కొడుకు, కూతురు అందరూ చల్లగా ఉన్న నిండు అదృష్టవంతురాలు. భార్య పోయినవాడు ఆ కాగితం ముట్టకూడదు.

"నాన్న కత్తిరించిందే కావాలి. అమ్మ పనితనం ఆయన చేతిలోనే ఉంది. లేదంటే తలుపు ఖాళీగా ఉండనీ," అంది వన్‌షియా.

"చాల్లేవే! ఖాళీ తలుపు చూసి, ఇల్లు తప్పామనుకుని పెళ్ళికొడుకు వెనక్కి పోతాడు," అంటూ పక్కింటి చ్యావ్‌లింగ్ కత్తెర అందుకుంది. నిండు అదృష్టం ఆవిడదే.

నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా కత్తిరించింది. మడత విప్పగానే రెండు సంతోషాలు చెరో వైపు జారి ఒళ్ళో పడ్డాయి. కలిపి ఉంచాల్సిన మధ్య మడత కూడా తెగిపోయింది. పెళ్ళి ముందురోజు జంట విడిపోవడం! వన్‌షియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చ్యావ్‌లింగ్ ఒక్క క్షణం ఆలోచించి లేచి, వీధి తలుపు మూసింది.

"అన్నయ్యా, ఇలా రా. కత్తెర నేనే పట్టుకుంటాను. నా చెయ్యి పట్టుకుని నువ్వు నడిపించు."

"తప్పు కాదూ, చెల్లెమ్మా?"

"ఎవరు చూస్తారు? ఇంట్లో తప్పొప్పులు పైవాడికి చెప్పడానికి పొయ్యి దేవుడు మొన్ననే స్వర్గానికి వెళ్ళాడు. కొత్త సంవత్సరం దాకా రాడు. ఆయన లేనప్పుడు పెళ్ళికి ముహూర్తమే చూడం, దీనికేం?"

వన్‌షియా కళ్ళు తుడుచుకుని ఫక్కున నవ్వింది. కొత్త కాగితం తనే మడిచి ఇచ్చింది.

వెల్లుల్లి వాసన వేసే ఆ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిపించాను. మలుపు వచ్చినప్పుడల్లా ఆవిడ కత్తెర ఆపి, నేను చెయ్యి తిప్పేదాకా ఆగేది. విప్పితే రెండు డప్పులు, రెండు నోళ్ళు, చెక్కుచెదరకుండా చేతులు కలిపి నిలబడ్డాయి.

వన్‌షియా వీధి తలుపు తీసి, బయట స్టూలెక్కి, జిగురు కారుతున్నా పట్టించుకోకుండా దాన్ని తలుపుకు అతికించింది. అటుగా వెళ్తున్న ఎదురింటి ముసలమ్మ ఆగి చూసింది.

"అచ్చం వీళ్ళమ్మ కత్తిరించినట్టే ఉందే! ఎవరి పని?"

"ఇంకెవరిది, నాదే!" అంది చ్యావ్‌లింగ్, నేను గట్టిగా పట్టుకోవడంతో ఎర్రబడిన తన వేళ్ళను ఊదుకుంటూ.