సైరన్ మధ్యలో బోర్ష్

ఆబిడ్స్‌లోని చీరల దుకాణంలో నాగవల్లి పట్టుచీర మడత విప్పుతుండగా ఫోన్ మోగింది. కూతురు దివ్యశ్రీ. ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతోంది. అక్కడ యుద్ధం మొదలైంది. నిన్నటి నుంచి ఆ పిల్ల ఫోన్ కలవలేదు.

చీరను కౌంటర్ మీదే వదిలేసింది. కొనడానికి వచ్చినామె మొహం చిట్లించింది. యజమాని మల్లేశ్వరరావు అందుకుని, "మీరు మాట్లాడుకోండమ్మా, నేను చూపిస్తాను" అన్నాడు.

తెర మీద దివ్యశ్రీ మొహం పీక్కుపోయి ఉంది.

"ఏడున్నవ్ బిడ్డా?"

"రొమేనియా బార్డర్‌కు పోతున్నం అమ్మా. రోడ్డు పక్క హోటల్ కాడ బస్సు ఆపిన్రు. నిన్నటి సంది బిస్కెట్లే. గీ హోటలామె పిలిచి కూసోబెట్టింది."

ఫోన్ గిన్నె వైపు తిప్పింది. పొగలు కక్కుతున్న ఎర్రటి పులుసు, దాని మీద తెల్లటి మీగడ.

"ఎర్రగ ఏందే అది?"

"బోర్ష్. బీట్‌రూట్, క్యాబేజీ ఏస్తరు. కాలేజీ క్యాంటీన్‌ల పెడితే ముట్టకపోతుంటి. గిప్పుడు ఎంత మంచిగున్నదో!"

"తిను బిడ్డా. జర నిమ్మలంగ తిను."

దివ్యశ్రీ ఇంకో చెంచా ఎత్తేసరికి సైరన్ మోగింది. బయట బస్సు డ్రైవర్ ఆపకుండా హారన్ కొడుతున్నాడు. హోటల్ ముసలామె పరుగున వచ్చి, దివ్యశ్రీ జబ్బ పట్టుకుని నేలమాళిగ మెట్ల వైపు లాగింది.

"అమ్మా, డ్రైవర్ ఎక్కమంటుండు. ఈమె కిందికి రమ్మంటుంది. ఏం జేయాలె?"

నాగవల్లి ఫోన్‌ను కళ్ల దగ్గరకు తెచ్చుకుంది. బస్సు పోతే మళ్లీ దొరుకుతుందా? ఇక్కడ కూర్చుని తనకేం తెలుసు? బిడ్డ జబ్బను వదలకుండా పట్టుకున్న ఆ ముడతల చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది.

"ఆమెతోని పో! కిందికి పో!"

ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే కలవలేదు. వీధిలో ఆటో హారన్ వినబడినా ఉలిక్కిపడుతోంది.

"బస్సెక్కమనేదుండెనా సార్?" అని మల్లేశ్వరరావును అడిగింది. ఆయన స్టూలు జరిపి కూర్చోబెట్టాడు.

దీపాలు వేసే వేళకు ఫోన్ వచ్చింది.

"బస్సులనే ఉన్న అమ్మా! డ్రైవర్ గూడ మా ఎన్కనే కిందికి దిగిండు. ఆమె గిన్నెలన్నీ కిందికే తెచ్చింది. ఆలుగడ్డ పెట్టి, కజ్జికాయల లెక్క చేసి ఉడకబెడ్తరు, వరేనికి అంటరు. చీకట్ల కూసొని కడుపు నిండ తిన్న."

నాగవల్లి నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు నాగవల్లి నాంపల్లిలోని ఇంట్లో ఉండగా, బార్డర్ దాటామని దివ్యశ్రీ ఫోన్ చేసింది.

"ఆ హోటలామె పేరేంది బిడ్డా?"



"అడగనే లేదమ్మా. సైరన్ ఆగంగనే డ్రైవర్ బస్సు తీసిండు. ఆమె ఆడనే నిలబడి చెయ్యి ఊపింది."