గేటు మీద సుద్దగీత

తెలంగాణ బంద్ రోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గేటు తెరిచిన సింధు అక్కడే ఆగిపోయింది. గేటు మీద ఎవరో సుద్దముక్కతో ఇంటూ గుర్తు కొట్టి పోయారు.

కెన్యాలో, అల్లర్లకు పారిపోయి వచ్చినవాళ్ల శిబిరంలో ఏడాదిపాటు పిల్లలకు పాఠాలు చెప్పి, వారం కిందటే చైతన్యపురికి తిరిగొచ్చింది. మీ ఇల్లు గీయండంటే అక్కడి పిల్లలు తలుపు మీద ఈ గుర్తే వేసేవారు. తగలబెట్టాల్సిన ఇళ్లకు ఇరుగుపొరుగు వేసిన గుర్తు.

సింధు వాళ్లది గుంటూరు. నిన్న మధ్యాహ్నం ఎవరో గేటు బాదితే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎదురింటి నల్లగొండ ఈరమ్మ గేటు మీద ఈ గుర్తు లేదు. సింధు చున్నీ అంచు పట్టుకుని గీతలు తుడవబోయింది.

"తుడవకు బిడ్డా!"

వెనకే ఈరమ్మ. సింధు చున్నీ వదిలేసి వెనక్కి తిరిగింది.

"నిన్న పోలియో చుక్కలోళ్లు ఒచ్చిండ్రు. మీ అన్న బిడ్డకు ఏద్దామని ఎంత పిల్శినా మీరు తియ్యకపోతిరి. చుక్కలు పడని ఇంటికి గట్ల గీస్తరు, మళ్ల ఒచ్చెతందుకు."

ఈరమ్మ చూపు గేటుకు వేలాడుతున్న కొత్త తాళం మీద ఆగింది.

"పట్టపగలు గీ తాళం ఎవరికి భయపడి ఏసిండ్రు బిడ్డా? మాకేనా?"