ఖాళీ నెత్తురు

నెత్తురు వెచ్చగా ఉంటుంది.

ఒంట్లోంచి బయటికొచ్చిన కాసేపటి దాకా… గాజు గొట్టంలో పడ్డాక కూడా, అరచేతిలో పట్టుకుంటే, అప్పుడే నిద్ర లేచిన పిల్లాడి బుగ్గలా వెచ్చగా.

తర్వాత చల్లబడుతుంది.

ఆమె ఆ గొట్టాన్ని అవసరానికి మించి ఓ క్షణం ఎక్కువే పట్టుకుంటుంది. తనదే కదా మరి. మోచేతి మడతలో దూది నొక్కిపెట్టుకుని, రెండో చేత్తో తన నెత్తురు తనే మోసుకుంటూ పరిశోధనశాల వరండాలో నడుస్తుంది. సూది దిగినా చీమ కుట్టినట్టైనా ఉండదు. అక్కడి చర్మం ఏనాడో మొద్దుబారిపోయింది.

ఖాళీ నెత్తురు — అంటారక్కడ దాన్ని.

మందూ మాకూ ఎరగని నెత్తురు. తలనొప్పి బిళ్ళ కూడా తగలని నెత్తురు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి మలేరియా కూడా వస్తుంది. అప్పుడు రెండు రోగాల మందులూ ఒకే ఒంట్లో కాపురం చేయాలి. ఒక్కోసారి చేయవు. హెచ్‌ఐవీ మందుల్లో కొన్ని, మలేరియా మందుని నెత్తుర్లో నిలవనివ్వవు… పని పూర్తికాకముందే బయటికి గెంటేస్తాయి. జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. ఏ మందు ఏ మందుతో సర్దుకుపోతుందో కొలవడమే అక్కడి పని. రోగుల నెత్తురు వస్తుంది. మిషన్ కొలుస్తుంది.

కానీ ముందుగా, ఏమీ లేకపోవడం అంటే ఎలా ఉంటుందో మిషన్‌కి చూపించాలి.

అందుకు ఆమె. అక్కడే పనిచేస్తుంది, అవసరమైనప్పుడు తన నెత్తురూ ఇస్తుంది.

తెర మీద ఒక గీత నడుస్తుంది. మందు తగిలిన చోట గీత లేచి కొండవుతుంది. ప్రతి మందుకీ తన చోటు తనకుంది — ఇక్కడ లేస్తే మలేరియా మందు, ఆ పక్కన లేస్తే హెచ్‌ఐవీ మందు. ఖాళీ నెత్తుర్లో కొండలుండవు. గీత అటునుంచి ఇటు పడుకుని ఉంటుంది, కోతలైపోయిన పొలంలా.

నెత్తురిచ్చేవాళ్ళు అక్కడ ఇంకొందరున్నారు. కానీ ఆమె గీత అందరి గీతల కంటే చదును.

“నీ అంత ఖాళీ మనిషి భూమ్మీద లేదమ్మాయ్,” అనేది వదిన.

మిషన్ నడిపే పెద్దావిడ ఆ వదిన. ఎవరికి వదినో ఎవరికీ తెలీదు. అందరినీ తిడుతుంది కాబట్టి అందరికీ వదినే. పెద్ద డాక్టరు కూడా వదినా అనే పిలుస్తాడు, కాస్త దూరంగా నిలబడి.

ఆ మాటకి ఆమె నవ్వేది. ఖాళీగా ఉండటం కూడా ఒక ఉద్యోగమేనని మురిసిపోయేది.

వేసుకునేది ఒక్కటే మాత్ర. బలానికి.

అది భర్త పెట్టింది. పోయిన వానల్లో మొదలుపెట్టాడు. “ఊరికే నెత్తురు తోడించుకుంటావు, ఒంట్లో ఏం మిగులుతుంది?” అని కసిరి, విటమిన్ల సీసా కొనుక్కొచ్చాడు. రోజూ పొద్దున గ్లాసుతో నీళ్ళు, పక్కన మాత్ర. లేత నీలం రంగు. ఆమె మింగేదాకా అక్కడే నిలబడేవాడు. మింగాకే కళ్ళజోళ్ళ షాపు తాళాలు తీసుకునేవాడు.

విటమిన్లకి అక్కడ అభ్యంతరం లేదు. పెళ్ళాన్ని నెత్తిన పెట్టుకునే మొగుడికి ఎక్కడా అభ్యంతరం లేదు.

పోయిన వానల నుంచీ అక్కడ మలేరియా మందు చోటు దాకానే చూస్తున్నారు; గీతని మళ్ళీ చివరిదాకా నడిపింది ఆ రోజే.

కొండ లేచింది.

ఖాళీ నెత్తుర్లో. చదును పొలం మధ్యలో… చిన్నదే. కానీ కొండ.

హెచ్‌ఐవీ మందు లేచే చోట.

“ఛీ, దీని మొహం మండ!” అంది వదిన. మిషన్‌నే. అంతకుముందు నడిపిన ఏ రోగి నెత్తురో మిషన్ లోపలి గొట్టాల్లో ఇరుక్కుని ఉంటుంది, అదే ఇందులోకి కారి ఉంటుందంది. కొంగు దోపుకుని కడగడానికి దిగింది. కడిగింది. మళ్ళీ నడిపింది.

వేరే వాళ్ళ ఖాళీ నెత్తురు పెడితే — చదును.

ఆ ఒక్క గొట్టం పెడితే — కొండ.

గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే. ఇచ్చినవాళ్ళకి మాత్రం తమ అంకె తెలుసు.

ఆమె తన అంకె చూసింది. వదిన రెండోసారి మిషన్ విప్పుతుంటే పక్కనే నిలబడి స్పానర్ అందించింది. ఆ పెద్దావిడ నడుం పట్టుకుని మూలుగుతుంటే కూడా చెప్పలేదు. అందుకు ఆమెకి సిగ్గేసింది. సిగ్గు వేసిందని తెలిసింది, అంతే… అది ఎక్కడో దూరంగా, వేరే ఎవరికో వేసినట్టుంది.

భోజనాల వేళ అందరూ క్యారేజీలు పట్టుకుని కిందికి దిగారు.

ఆమె తన నెత్తురు మళ్ళీ తీసుకుంది. తాజాగా. వెచ్చగా. ఈసారి అరచేతిలో పట్టుకోలేదు. గిరగిరా తిప్పే యంత్రంలో పెట్టి తిప్పింది, ఎర్రది కిందికి దిగి పైన పల్చటి పసుపు నీరు తేరేదాకా. ఆ నీటిని మిషన్‌కి పెట్టింది.

గీత నడిచింది. నడిచి… నడిచి… మలేరియా మందు చోటు దాటింది. చదును.

ఆ తర్వాత లేచింది.

నేనేం తిన్నాను? అనుకుంది. నేనేం తాగాను?

బ్యాగు జేబులో ఒక మాత్ర ఉంది. మొన్న హడావిడిలో, ఆయన వీపు తిప్పగానే, బస్సులో వేసుకుందామని తెచ్చుకుని మరిచిపోయింది. నలిపింది. కరిగించింది. చుక్క పెట్టింది.

అదే చోట, తెర పట్టనంత కొండ.

ఏళ్ళ తరబడి ఆ మందుతోనే ఆమె బతుకు. సీసాల్లో తెల్లటి పొడిగా తెలుసు. తెర మీద కొండగా తెలుసు. ఎవడైనా నిద్రలో లేపి అడిగినా ఎంత వేడికి పాడవుతుందో చెప్పగలదు. అది మాత్రగా ఎలా ఉంటుందో మాత్రం ఏనాడూ చూడలేదు. రంగు వేసుకుని ఎదురొస్తే పోల్చుకోలేకపోయింది. ఇంత చదువూ చదివి, సీసా మీది చీటీ నమ్మి, ఆ మందునే విటమిన్ అనుకుని మింగింది — పైగా, మింగినందుకు రోజూ భర్త మొహంలో కనబడే నిశ్చింత చూసి మురిసిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది.

పోయిన వానల్లో ఆయనకి జ్వరం. వదలని జ్వరం. ఆమెకి తెలిసిన జ్వరం ఒకటే కదా. “మలేరియా పరీక్ష చేయించుకోండి,” అని వెంటపడింది, తిట్టింది, చివరికి తనే గొడుగు చేతికిచ్చి పంపింది. ఆయన సాయంత్రం తిరిగొచ్చాడు. గుమ్మంలో గొడుగు దులిపాడు. చాలాసేపు దులిపాడు.

“మలేరియా కాదట,” అన్నాడు.

ఆమె హమ్మయ్య అనుకుంది. కాదంటే కాదు, అంతే. ఇంకేమిటని అడగనే లేదు.

ఆయన అబద్ధం చెప్పలేదు. మలేరియా కాదు.

నెత్తురిచ్చేవాళ్ళకి మొదట్లో చేసే హెచ్‌ఐవీ పరీక్ష కిట్లు అలమరలో ఉన్నాయి. వైరస్ ఉంటే రెండు గీతలు, లేకపోతే ఒకటే. ఎంతమందికి చేసిందో. ఎంతమందికి “కాస్త కూర్చోండి, ఇప్పుడే తేలిపోతుంది” అని చెప్పిందో.

కాస్త కూర్చుంది.

ఒకటే గీత వచ్చింది.

చూసింది. ఇంకా చూసింది. రెండో గీత రావలసిన చోట తెల్లగా, ఏమీ లేకుండా… ఒకటే గీత.

సంతోషించాలి. గుండె మీది బండ దిగాలి. ఏదీ దిగలేదు. మందు పడుతున్న ఒంట్లో ఈ పరీక్ష ఒక్కోసారి ఆలస్యంగా నిజం చెబుతుందని ఆమెకి తెలుసు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూసుకోవాలని తెలుసు. ఈ మాత్ర సోకినవాళ్ళకే కాదు, సోకకుండా ఉండటానికీ ఇస్తారని తెలుసు. ఆపకూడదనీ తెలుసు. అన్నీ తెలుసు. తెలిసినవన్నీ వరసగా వచ్చి ఎదుట నిలబడ్డాయి, ఒక్కటీ లోపలికి రాలేదు.

ఆయనకి ఉంది.

తనకి రాకూడదనుకున్నాడు.

చెప్పకూడదనుకున్నాడు.

ఈ మూడింటిలో దేనికి ఏడవాలో తెలియక కూర్చుంది. ఆయనకి ఎలా వచ్చింది, ఎక్కడ, ఎవరి దగ్గర… ఆ ప్రశ్న కూడా వచ్చింది. దాన్ని కూడా కూర్చోమంది.

వదిన క్యారేజీ కడుక్కుని పైకొచ్చింది. చేతులు తుడుచుకుని, మూడోసారి మిషన్ మూత మీద చెయ్యేసింది. దీని అంతు చూడందే ఇంటికెళ్ళనంది.

“కడగొద్దు వదినా. మిషన్ బాగానే ఉంది.”

“మరి ఆ కొండేంటి?”

“ఆ నెత్తురు ఖాళీది కాదు. పారబోయండి. దాంతో ఇదివరకు కొలిచినవి కూడా మళ్ళీ కొలవాలి.”

“ఎవరిదే అది?”

“నాది.”

వదిన మూత మీంచి చెయ్యి తీసింది. తెర వంక చూసింది. ఆ కొండ ఏ మందుదో వదినకి చెప్పక్కర్లేదు. ఆమె వంక చూసింది. ఆ అంకె ఉన్న గొట్టాలన్నీ పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి తీసింది, మెల్లగా, గాజు గాజుకి తగలకుండా. పారేసే డబ్బా మూత మూసింది. తన కుర్చీ లాగి ఆమె పక్కన వేసుకుని కూర్చుంది.

సాయంత్రం దాకా ఎవరినీ తిట్టలేదు. పెద్ద డాక్టరు రెండుసార్లు తొంగి చూసి, వదినకి ఒంట్లో బాలేదేమోనని మెల్లగా జారుకున్నాడు.

ఇంటికి బస్సులో వెళ్ళింది. రోజూ దిగే చోటే దిగింది. తాళం తీసింది, స్నానం చేసింది, వంట చేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఆయన వచ్చాడు. తిన్నాడు.

“అలా ఉన్నావేం? ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉంది,” అంది.

అదీ అబద్ధం కాదు.

పడుకున్నాడు. ఆమె పక్కన పడుకుంది. ఆయన వీపు ఎప్పట్లాగే వేడిగా తగిలింది. జరగలేదు. దగ్గరికీ పోలేదు. ఆ వీపు మీద కోపం రావాలని చూసింది, జాలి రావాలని చూసింది… ఏదో ఒకటి వస్తే నిద్రైనా పట్టేది.

తెల్లవారింది.

వంటింట్లో గ్లాసు చప్పుడు. కుళాయి చప్పుడు. సీసా మూత తిప్పిన చప్పుడు — ఇన్నాళ్ళూ అది వినిపించేదే కాదు.

బల్ల మీద నీళ్ళు పెట్టాడు. పక్కన మాత్ర పెట్టాడు. నిలబడ్డాడు.

ఆమె తీసుకోలేదు.

“వేసుకో,” అన్నాడు. “నీరసపడతావు.”

ఎన్నో అడగొచ్చు. రాత్రంతా మాటలు పేర్చుకుంది — ఎలా అని, ఎన్నాళ్ళ నుంచని, నన్నేమనుకున్నారని, నేను చేసే పనే అది కదా నాకు కూడా చెప్పలేకపోయారా అని. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఇదొక్కటే.

“మీది ఏదీ?”

ఆయన అర్థం కానట్టు చూడబోయాడు. చూడలేకపోయాడు.

ముందు భుజాలు జారాయి. తర్వాత మొహం. షాపులో ఎందరి కళ్ళకో అద్దాలు తొడిగే మనిషి, తన కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ వంక చూశాడు.

“షాపులో వేసుకుంటా,” అన్నాడు. “…షట్టరు ఎత్తకముందు.”

షట్టరు ఎత్తకముందు. చీకట్లో, నీళ్ళు కూడా లేకుండానేమో. వానాకాలం నుంచి, రోజూ… ఒక్కడే.

ఆమెకి అప్పుడు ఏదో కదిలింది. కోపమో, జాలో. ఏదైతేనేం, కదిలింది, కదిలి నొప్పి పెట్టింది.

“చెబుదామనే,” అన్నాడు. “ప్రతి పొద్దునా చెబుదామనే నిలబడేవాణ్ణి.”

చెయ్యి చాచింది.

ఆయన చొక్కా జేబులో తడుముకున్నాడు. చిన్న కాగితప్పొట్లం తీశాడు. మడతలు ఒక్కొక్కటే విప్పాడు. మాత్ర ఆమె అరచేతిలో పెట్టాడు.

ఇది తెల్లగా ఉంది. ఆయన ఒంటి వేడి ఇంకా దాని మీద ఉంది.

ఆమె దాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత బల్ల మీద, నీలం మాత్ర పక్కన పెట్టింది. ఇంకో గ్లాసు తేలేదు. ఆయనా తేలేదు.

కిటికీలోంచి వీధి వినబడుతోంది. ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

“ముందు నువ్వు వేసుకో,” అన్నాడు.

ఆమె వేసుకోలేదు. వేసుకోననీ అనలేదు.

ఇద్దరూ నిలబడే ఉన్నారు… మధ్యలో ఒకటే గ్లాసు.